దొడ్డిలో కుక్క కరవలేదు

హేవిళంబి, చైత్ర బహుళ దశమి

నిన్నటితో చుట్టాలందరూ వెళ్ళిపోయారు. పెద్దదినం భోజనాల దగ్గర కూడా ఒకటే మాట. "కుక్కల్ని చేరదీసినవాడికి కుక్క చావే వచ్చింది." మా ఆయన మేనత్త అంది, పప్పులో నెయ్యి మళ్ళీ వేయించుకుంటూ. నేను వింటున్నానని ఆవిడకు తెలుసు. నేను సరిగా ఏడవలేదని కూడా చెప్పుకుంటున్నారట. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఏడవడానికి పదకొండు రోజులు పెట్టిన పెద్దలు కోపానికి ఒక్క రోజూ పెట్టలేదు.

మా నాన్న ధవళేశ్వరం ఆనకట్ట కార్ఖానాలో రాతపని చేసేవాడు. నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. రాసుకుంటే మనసు తేలికపడుతుందనేవాడు. తేలికపడాలని కాదు నేను రాసేది. అనవలసినవాళ్ళ ముఖాన అనలేక రాస్తున్నాను.

ఇల్లు ఖాళీ అయ్యాక కుక్కల అరుపులు వినిపించాయి. బందెలదొడ్డి ముందుభాగంలో చేలో పడ్డ పశువుల్ని కడతారు. వెనకభాగం కుక్కలది. వీధికుక్కల్ని దుడ్డుకర్రలతో కొట్టి చంపిస్తూ ఉంటే, చంపకండి, పట్టుకొచ్చి నిఘాలో ఉంచుతాను, పిచ్చి లేదని తేలినవాటిని అడిగినవాళ్ళకు ఇచ్చేస్తాను అని మునిసిపాలిటీ వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి మా ఆయన ఆ వెనకభాగం సంపాదించారు. కాపలాదారుగా ఆయనకిచ్చిన ఇల్లు కూడా దొడ్డిలోదే. నా కాపురమంతా ఈ వాసనలోనే గడిచింది.

నాకు కుక్కలంటే ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు. ఆయన ప్రతిదానికీ ఓ పేరు పెట్టేవారు. నేను ఏ ఒక్కదాన్నీ పేరుతో పిలవలేదు.

సాయంత్రానికి గంజి కాచి పోశాను. ఇవాళ ఒక్కరోజుకే.

చైత్ర బహుళ ఏకాదశి

ఇవాళ కూడా పోశాను. అరుపులు భరించలేక.

చైత్ర బహుళ త్రయోదశి

మునిసిపాలిటీ గుమాస్తా చంద్రరావు పంతులుగారు వచ్చారు. విధవ ఎదురవుతుందనేమో, అరుగు దగ్గరికి కూడా రాకుండా వీధిలోనే గొడుగు కింద నించుని మాట్లాడారు.

"పాపాయమ్మా, కౌన్సిలులో తీర్మానం అయిపోయింది. మే నెలాఖరుకి కుక్కలదొడ్డి ఎత్తేస్తారు. ఉన్నవాటికి ముష్టిగింజల విషం ఉండలు పెట్టేసి పాతిపెట్టేయమన్నారు. నువ్వు కూడా ఇల్లు ఖాళీ చెయ్యాలమ్మా. కొత్త మనిషి వస్తాడు."

"కుక్కలేం చేశాయండీ?"

"ఏం చేశాయంటావేంటి? కాపలావాణ్నే కరిచి చంపాయి కదా!"

"ఆయన్ని కరిచింది దొడ్డిలో కుక్క కాదండి. మీకూ తెలుసు."

పంతులుగారు వీధికి అటూ ఇటూ చూశారు. "ఆ మాట ఇంకెక్కడా అనకమ్మా. ఆడదానివి. ఒంటరిదానివి."

ఒంటరిదాన్ని ఎవరు చేశారు?

శివరాత్రి వెళ్ళిన వారం అది. భీమరాజు గారి నల్ల వేటకుక్క సంత వీధిలో దవడ వేలాడేసుకుని, సొంగ కారుస్తూ, కనబడ్డ కర్రనల్లా కొరుకుతూ తిరిగింది. భీమరాజు గారంటే కౌన్సిలు మెంబరు, రేపో మాపో చైర్మను. మా ఆయనా, కుక్కల్ని పట్టే రాముడూ కలిసి దాన్ని ఉచ్చు వేసి పట్టి, కొత్తవాటిని ఉంచే కొట్లో పెట్టారు. పొద్దు వాలకముందే రాజుగారి మనుషులు వచ్చారు. పది రోజులు నిఘాలో ఉండాలండీ, దీని వాటం నాకు నచ్చలేదండీ అని మా ఆయన బతిమాలారు. రాజుగారి కుక్కకు నిఘా ఏంట్రా అని తలుపు విరగ్గొట్టి పట్టుకుపోయారు. మర్నాడు పొద్దున్నే మా ఆయన రాముణ్ని వెంటబెట్టుకుని ఆ బంగళాకి వెళ్ళారు. కనీసం గొలుసు వేసి కట్టమని చెప్పడానికి. గేటు తీస్తుంటేనే వచ్చి మణికట్టు పట్టుకుంది. ఆ సాయంత్రమే రాజుగారు తన తుపాకీతో దాన్ని కాల్చి కొబ్బరితోటలో పాతించారు. ఊరికి మాత్రం, కుక్కను అంతకుముందే చుట్టాలింటికి పంపేశామని చెప్పించారు.

ఆసుపత్రిలో పుండు కాల్చారు. మానింది. మానిన చెయ్యి చూపించి మా ఆయన నవ్వారు. చైత్రం వచ్చింది.

తరవాతది రాయను.

వైశాఖ శుద్ధ విదియ

చేపలమ్మే పెద్దింట్లమ్మ గంపలో చేప తలకాయలు తెచ్చింది. ఆయన ఉన్నప్పుడు తెచ్చినట్టే. నేను వద్దన్నాను. ఆవిడ నా మాట వినిపించుకోకుండా వెనక్కి వెళ్ళి గంజి బానలో పడేసింది.

"తెల్లదానికి గజ్జి తిరగబెట్టిందండి అమ్మగోరూ. గంధకం అయిపోయిందా?"

"నాకేం తెలుసు."

"గూట్లో ఉంటాదండి, కానుగనూని పక్కన."

ఉంది. కానుగనూనెలో గంధకం కలిపి తెల్లదానికి పట్టించాను. కుంటిదాని చెవిలో పురుగులు పడ్డాయి. సీతాఫలం ఆకు నూరి పసరు పిండాను. ఎవరో ఒకరు చెయ్యాలి కదా. నెలాఖరుకి చచ్చేవాటికి గజ్జి మానిస్తున్నాను. నా అంత తెలివితక్కువది ఈ డెల్టాలో ఉండదు.

పెద్దింట్లమ్మ చేతులు కడుక్కుంటూ చెప్పింది. "మా పేటలో ఇసకమీద సేపలు ఎండబెడితే నక్కలు బతకనివ్వట్లేదండి. మీ ఆయనగోరిచ్చిన కుక్కున్న ఇంటికి ఒక్క నక్కా రాదు. అందరూ నన్నే అడగతన్నారు, మాకూ తెచ్చిపెట్టవే అని. ఈటన్నిటినీ మాకిచ్చెయ్యండి."

"తీసుకుపో ఇప్పుడే."

"ఎలాగండి? కాలవ కట్టేశారు కదా. పడవలన్నీ బురదలో కూకున్నాయి. ఈ ఎండలో సముద్రం దాకా నడిపిత్తే దారిలోనే సత్తాయి. మృగశిరలో నీళ్ళొదిలేదాకా ఆపండి."

కాలువకు నీళ్ళు జూన్‌లో వస్తాయి. విషం మే నెలాఖరుకి వస్తుంది.

వైశాఖ శుద్ధ పంచమి

నాకు మా ఆయన మీదే ఎక్కువ కోపం. ఇవాళ తెలిసింది. గంజి గరిట విసిరికొట్టాను.

చేతిలో కర్ర లేకుండా ఎందుకు వెళ్ళారు? పిచ్చి పట్టిందని మీకే అనుమానం వచ్చాక, ఆ గేటు దగ్గరికి ఉత్త చేతులతో ఎందుకు వెళ్ళారు? కర్ర పట్టుకెళ్తే రాజుగారికి మర్యాదగా ఉండదని. అవును, అదే. తలపాగా కూడా ఉతికింది కట్టుకున్నారు. వాళ్ళింట్లో ఎవరినీ కరవకూడదని మీరు వెళ్ళారు. వాళ్ళు మీ పాడె దగ్గరికి కూడా రాలేదు.

గరిట వంగిపోయింది. దాంతోనే కలిపాను.

వైశాఖ శుద్ధ అష్టమి

భీమరాజు గారి బంగళాకి వెళ్ళాను. ఏడాది తిరక్కుండా విధవ గడప దాటిందని ఊరు నోరు నొక్కుకుంటుంది. నొక్కుకోనీ.

ఆయన నన్ను కసురుతారనుకున్నాను. కసిరితే బాగుండేది. మెత్తగా మాట్లాడారు.

"రా అమ్మా పాపాయమ్మా. అప్పాజీ నాకు బాగా కావలసినవాడు. నమ్మకమైన మనిషి. కాస్త జాగ్రత్త తక్కువ, అంతే."

"జాగ్రత్త తక్కువేనండి. లేకపోతే మీ గేటు దగ్గరికి ఎందుకు వస్తారు?"

"నా గేటు దగ్గర ఏం జరగలేదమ్మా."

"మీ నల్లకుక్క ఏదండీ?"

"దాన్ని ఎప్పుడో తుని పంపేశాను, మా బావమరిది ఇంటికి. ఎవరో ఏదో చెప్పి నీ బుర్ర పాడుచేశారు."

"ఎవరూ చెప్పలేదండి. ఆయనే చెప్పారు. రాముడు కళ్ళారా చూశాడు."

భీమరాజు గారు నవ్వారు. "రాముడా? వెళ్ళి అడుగమ్మా. వాడేం చూశాడో వాణ్నే అడుగు."

మజ్జిగ ఇమ్మని లోపలికి కేకేశారు. నేను తాగలేదు. వచ్చేస్తుంటే గేటు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. కొత్తగా రంగు వేయించారు గేటుకి.

వైశాఖ శుద్ధ నవమి

రాముడి ఇంటికి వెళ్ళాను. వాడు ఇప్పుడు రాజుగారి దగ్గర పాలేరు. ఆయన పోయిన వారానికే కుదిరాడట. నాకు చెప్పలేదు.

"నువ్వు చూశావా లేదా రాముడూ?"

"నేను ఎనకాల ఉండిపోయానండి అమ్మగోరూ. సరిగ్గా కనపళ్ళేదండి."

"నీ తువ్వాలుతోనే కదరా చెయ్యి కట్టావు!"

వాడి పెళ్ళాం లోపల్నించి "పిల్లలు గలోళ్ళమండి" అంది. నాకు పిల్లలు లేరని గుర్తుచేసిందా? మా ఇంట్లో ఎన్ని సంక్రాంతులు తిన్నాడు వాడు! జ్వరం వస్తే ఆయన వాణ్ని భుజాన వేసుకుని ఆసుపత్రికి మోసుకెళ్ళారు. వాడితో ఈ జన్మలో మాట్లాడను.

వైశాఖ శుద్ధ త్రయోదశి

గంజి. చేప తలకాయలు. కుంటిదాని చెవి మానుతోంది. రాయడానికేం లేదు.

వైశాఖ బహుళ తదియ

పొద్దున్నే గోడమీంచి ఎవరో గోనెసంచి ఒకటి లోపలికి విసిరేశారు. సంచి కదులుతోంది. మూతి ముడి వెదురుగడతో ఊడదీసి, కొత్తవాటి కొట్లోకి తోలి తలుపు వేశాను. గోధుమరంగు కుక్క, చిన్నది. ఏ ఇంట్లోనో పెంచినదే, మెడలో తాడు గుర్తు ఉంది.

అరుపు వినగానే తెలిసింది. ఆ గొంతు బొంగురు మామూలు కుక్కది కాదు. దవడ వేలాడుతోంది. తలుపు కర్రను కొరికి కొరికి నోరు నెత్తురు చేసుకుంది. ఆయనైతే ముందు నీళ్ళ కుండ పెట్టి చూసేవారు. నేనూ సందులోంచి కుండ జరిపాను.

దాహంతో పరుగున వచ్చి మూతి పెట్టింది. గొంతు పట్టేసింది. మెడ నరాలు తాళ్ళలా బిగుసుకుని వెనక్కి పడింది. మళ్ళీ లేచింది. మళ్ళీ కుండ దగ్గరికే వచ్చింది.

ఆ గొంతు నాకు తెలుసు. గ్లాసు పట్టుకుని మంచం పక్కన నించున్నది నేనే కదా. "ఇవ్వవే" అనేవారు. ఇస్తే గ్లాసు ఎగిరిపడేది. విసనకర్ర గాలి తగిలినా అంతే. కాస్త తెరిపినిచ్చినప్పుడు నన్ను చూసి, "నువ్వు బయటికి వెళ్ళి గడియ పెట్టుకో. నేను నిన్ను కరుస్తానేమో" అన్నారు. ఎన్నడూ నా మీద చెయ్యెత్తని మనిషి. నేను వెళ్ళనన్నాను. కళ్ళనిండా నీళ్ళతో దణ్ణం పెట్టారు, వెళ్ళమని. వెళ్ళి గడియ పెట్టాను. తలుపుకి అటు ఆయన, ఇటు నేను. తెల్లారేదాకా వినిపించింది. తరవాత వినిపించలేదు.

రాయనన్నాను. రాశాను.

విషం ఉండ వేస్తే మింగాలి కదా, ఆ గొంతుతో అదేం మింగుతుంది? ఠాణాకి పరిగెత్తి జవానుని పిలుచుకొచ్చాను. అతను గోడమీంచి కాల్చాడు. ఒక్క దెబ్బకి పోయింది. అందుకు మాత్రం అతనికి దణ్ణం పెట్టాను. గొయ్యి నేనే తవ్వాను, సున్నం నేనే పోశాను.

గోడ చుట్టూ చేరిన జనం "అన్నిటినీ కాల్చెయ్యి, అన్నీ ఇలాంటివే" అని అరిచారు. ఇలాంటిదో కాదో చూడడానికే ఆయన ఈ కొట్టు కట్టించారు. ఇలాంటిదాన్నే రాజుగారు తలుపు విరగ్గొట్టి పట్టుకుపోయారు. అప్పుడు ఒక్కడూ అరవలేదు.

వైశాఖ బహుళ షష్ఠి

భీమరాజు గారు స్వయంగా వచ్చారు. పంతులుగారు వెనక. ఎందుకొచ్చారో మొదట అర్థం కాలేదు. తరవాత పంతులుగారే నసిగారు. మునిసిపాలిటీ ఉద్యోగి పిచ్చికుక్క కరిచి పోయాడు కనక రాజమండ్రి నుంచి దొర విచారణకు వస్తున్నాడట. పోయినవాడి పెళ్ళాన్ని అడిగి మరీ రాసుకుంటాడట. అందుకా ఈ మర్యాద!

"దొర అడిగితే దొడ్డిలో కుక్క కరిచిందని చెప్పమ్మా. ఆ కుక్కను అప్పుడే చంపేశారని చెప్పు. అంతటితో అయిపోతుంది. ఈ ఇల్లు నీకే ఉంచుతాం. దొడ్డి పని కూడా నువ్వే చూసుకో."

"చెప్పకపోతే?"

"నువ్వు చెప్పే మాటకి సాక్షి ఎవరున్నారు? దొర వెళ్ళిపోతాడు. నెలాఖరు ఎటూ రానే వస్తుంది."

తెల్లది వచ్చి ఆయన చెప్పులు వాసన చూస్తోంది. ఆయన కాలు వెనక్కి తీసుకున్నారు. భయం. అంత పెద్ద మనిషి, గజ్జికుక్కను చూసి.

"ఈ కుక్కల సంగతేంటండి?" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలీదు. వెళ్ళండి బయటికి అనాలనుకున్నాను.

"ఏం కావాలి నీకు?"

"ఒక్కదానికీ విషం పెట్టకూడదు. కాలువ వదిలాక కావలసినవాళ్ళు తీసుకెళ్తారు. దొడ్డి ఎత్తెయ్యకూడదు."

"సరే."

"మీ సరే నాకొద్దండి. ముందు ఊరంతా టముకు వేయించండి. అది నా చెవిన పడ్డాకే దొర ముందు నోరు విప్పుతాను."

రాజుగారి ముఖం ఎర్రబడింది. చివరికి తల ఊపి వెళ్ళారు.

గోడకి తల బాదుకున్నాను.

వైశాఖ బహుళ సప్తమి

పెద్దింట్లమ్మతో పోట్లాడాను. బేరం సంగతి చెబితే మంచిపని అంది. "పోయినోళ్ళకి గంజి పొయ్యలేం కదండి అమ్మగోరూ. ఉన్నోటికి పొయ్యండి."

"నీ మొగుడు పోతే ఇలాగే అంటావా?"

"నా మొగుడు వేటకెళ్ళి తిరిగి రాలేదండి. సముద్రాన్ని ఎవుళ్ళు ఇచారణ సేత్తారు?"

అది నాకు తెలీదు. ఇన్నేళ్ళుగా గంప దించుకుంటోంది నా గుమ్మంలో, ఎప్పుడూ అడగలేదు. అయినా కోపం తగ్గలేదు. సముద్రం తలుపులు విరగ్గొట్టుకుని రాలేదు. సముద్రం అబద్ధం చెప్పమనలేదు.

వైశాఖ బహుళ నవమి

సాయంత్రం టముకు విన్నాను. "బందెలదొడ్డి కుక్కలు నిఘా దాటినవి, పిచ్చి లేనివి, పెంచుకునేవారికి ఇవ్వబడును, ఎవరూ వాటిని కొట్టరాదహో" అని సంత వీధి నుంచి కాలువ గట్టు దాకా చాటారు. ఆయన ఉండగా అడిగి అడిగి వేయించుకోలేకపోయిన టముకు.

వైశాఖ బహుళ ఏకాదశి

దొర వచ్చాడు. కుర్చీ దొడ్డిలోనే వేశారు. పంతులుగారు మాట అటూ ఇటూ మార్చి చెప్పారు. భీమరాజు గారు పక్క కుర్చీలో కూర్చున్నారు. రాముణ్ని కూడా పిలిచారు. వాడు, నేను ఎనకాల ఉన్నానండి, దొడ్డిలో కుక్కేనండి అన్నాడు.

తరవాత నన్ను అడిగారు.

"దొడ్డిలో కుక్కేనండి" అన్నాను.

"మీ ఆయన అజాగ్రత్తగా ఉన్నాడా?"

అది బేరంలో లేదు. భీమరాజు గారు నా వైపు చూశారు. తెల్లది, కుంటిది, తోకలేనిది, అన్నీ గోడనీడలో పడుకుని ఉన్నాయి.

"ఉన్నారండి" అన్నాను.

దొర రాసుకున్నాడు. లేచి కుక్కల దగ్గరికి వెళ్ళి, కుంటిదాని చెవి పట్టుకుని చూసి, మానిన పుండు మీద వేలు పెట్టి పంతులుగారితో ఏదో అన్నాడు. ఇలాంటి దొడ్డి ఉండడం మంచిదే, ఉంచండి అన్నాడట. కుక్కలన్నీ బాగానే ఉన్నాయి. ఒక్క ఆయనే అజాగ్రత్త మనిషయ్యారు.

నా అబద్ధం వేరు, రాముడి అబద్ధం వేరు. నేను నా కోసం చెప్పలేదు.

వేరే.

వైశాఖ బహుళ ద్వాదశి

ఇల్లు నాకే ఉంచారు. పంతులుగారు వచ్చి చెప్పారు. ఈసారి అరుగు మీద కూర్చున్నారు.

జ్యేష్ఠ శుద్ధ విదియ

రోహిణి ఎండలు. బానలో నీళ్ళు మధ్యాహ్నానికే ఉడుకుతున్నాయి. తడిగోనెలు కప్పుతున్నాను వాటిమీద. అన్నం సయించడం లేదు. ఆయన కలలోకి కూడా రావడం లేదు. అలిగారు కాబోలు. అలగనీండి. నేనూ అలిగాను.

జ్యేష్ఠ శుద్ధ నవమి

కాలువ వదిలారు. పొద్దున్న ఎర్రనీళ్ళు వచ్చాయి, చెత్తా చెదారం తోసుకుంటూ. గట్టు మీద జనం. బురదలో కూర్చున్న పడవలు ఒక్కొక్కటే లేచాయి.

జ్యేష్ఠ శుద్ధ ద్వాదశి

పెద్దింట్లమ్మ మనుషులు పడవలతో వచ్చారు. లంకల్లో పొగాకు వేసే రైతులు ఇద్దరు, దోసపాదులకు కాపలా కావాలని ఒక ముసలాయన కూడా వచ్చారు. టముకు విన్నారట.

ఒక్కొక్కళ్ళనీ నిలబెట్టి అడిగాను. ఇంట్లో గంజి మిగులుతుందా? కట్టేస్తారా, వదిలేస్తారా? గజ్జి వస్తే ఏం చేస్తారు? పొగాకు రైతు ఒకడు "కుక్కకి ఇంత పెళ్ళిచూపులేంటండీ" అని నవ్వాడు. "అయితే నీకు ఇవ్వను, వెళ్ళు" అన్నాను. నిజంగానే ఇవ్వలేదు. రెండోవాడు నవ్వు ఆపుకుని చేతులు కట్టుకుని జవాబులు చెప్పాడు. తోకలేనిదాన్ని ఇచ్చాను. ముసలాయనకు కుంటిదాన్ని ఇచ్చాను. ఇద్దరూ ఒకే నడక.

పెద్దింట్లమ్మ అన్న కొడుకు పల్లంరాజు తెల్లదాన్ని ఎత్తుకుని పడవలో పెట్టబోతూ ఆగాడు. "ఏమనుకోకండి. ఈ దొడ్డిలో కుక్కే అయ్యగారిని కరిచి సంపిందంటన్నారు. మా ఇంట్లో పసిపిల్లలున్నారండి."

ఒళ్ళు మండింది. దొర ముందు అలా చెప్పినప్పుడు ఈ మాట వస్తుందని తట్టలేదు నాకు. నా అబద్ధం వీటి మెడకే చుట్టుకుంది.

"కరవలేదు" అన్నాను. "ఈ దొడ్డిలో కుక్క ఆయన్ని కరవలేదు. ఆయన్ని కరిచింది భీమరాజు గారి నల్ల వేటకుక్క. నిఘాలో పెడితే తలుపు విరగ్గొట్టి పట్టుకుపోయారు. మర్నాడు వాళ్ళ గేటు దగ్గర కరిచింది. దాన్ని చంపి వాళ్ళ కొబ్బరితోటలోనే పాతారు."

గట్టు మీద అందరూ నోళ్ళు తెరిచి విన్నారు. పల్లంరాజు తెల్లదాన్ని పడవలో దించాడు.

ఆ తరవాత వచ్చిన ప్రతివాడికీ చెప్పాను. వాళ్ళు అడక్కపోయినా చెప్పాను. కుక్క మెడలో తాడు కట్టి, తాడు కొస చేతికిచ్చి మరీ చెప్పాను. దొరకు చెప్పనని బేరం ఆడాను. పడవవాళ్ళకు చెప్పనని ఎవరికీ మాట ఇవ్వలేదు.

సాయంత్రానికి దొడ్డి ఖాళీ. గంజి అలవాటు కొద్దీ బానెడు కాచాను. పశువుల తొట్టిలో పోశాను.

జ్యేష్ఠ బహుళ పంచమి

పంతులుగారు చెమటలు కక్కుతూ వచ్చారు. "ఏం చేశావమ్మా! లంకల్లో ఇదే మాట, సముద్రపొడ్డున ఇదే మాట. మొన్న రాజుగారు పడవెక్కితే సరంగు ముఖానే అడిగాడట, నల్లకుక్క బాగుందా అండీ అని!"

అడిగాడా! అన్నం తిన్నాను ఇవాళ. రెండుసార్లు కలుపుకున్నాను.

జ్యేష్ఠ బహుళ అష్టమి

భీమరాజు గారు వచ్చారు. వాన పడుతోంది. రాముడు వెనకనుంచి గొడుగు పట్టుకున్నాడు. పంతులుగారు చూరు కింద ఒదిగి నించున్నారు. ఈసారి అమ్మా లేదు, మెత్తదనం లేదు.

"మాట తప్పావు నువ్వు!"

"తప్పలేదండి. దొర ముందు మీరు చెప్పమన్నదే చెప్పాను. మీరు చెప్పమననిది కూడా చెప్పాను, ఆయన అజాగ్రత్త అని. అది మీకు కొసరు."

"నిన్ను ఈ క్షణం వీధిలో నిలబెట్టగలను."

పంతులుగారు చిన్నగా దగ్గారు. "ఇప్పుడు వెళ్ళగొడితే ఆ మాట నిజమేనంటారండీ" అన్నారు.

రాజుగారు ఆయన వైపు గుర్రుగా చూసి, మళ్ళీ నా మీదికి వచ్చారు. "ఎవడు చూశాడు? ఎవడున్నాడు నీకు సాక్షి? వీడేనా?" అని రాముడి రెక్క పట్టి ముందుకు లాగారు. "చెప్పరా. నువ్వు చూశావా? పంతులు కూడా వింటాడు, చెప్పు."

రాముడు గొడుగు చెయ్యి మార్చుకున్నాడు. వాడి ముఖం వంక చూడదలుచుకోలేదు నేను, కానీ చూశాను. గడ్డం మాసింది. బాగా చిక్కాడు.

"చెప్పరా!"

"సూసానండి" అన్నాడు రాముడు.

"ఏంటీ?"

"సూసానండి. నా పక్కనే కదండీ కరిచింది. గేటు తీసింది నేనేనండి. అయ్యగోరు నన్ను ఎనక్కి నెట్టి తానే ముందుకెళ్ళారండి."

ఆ సంగతి నాకు తెలీదు. మా ఆయన నాతో చెప్పలేదు. అంత నొప్పిలోనూ చెప్పలేదు.

రాముడు గొడుగు పిడి రాజుగారి చేతిలో పెట్టాడు. ఆయన పట్టుకున్నారు. ఏం చేస్తున్నారో ఆయనకే తెలిసినట్టు లేదు. ఎవరివంకా చూడకుండా గేటు దాటి వెళ్ళిపోయారు. ఆ గొడుగు తనే పట్టుకోవడం అలవాటు లేదు కాబోలు, ఒక భుజం తడిసిపోతూనే ఉంది. పంతులుగారు ఆయన వెనకాల వెళ్ళలేదు. వాన తగ్గేదాకా చూరు కిందే నించుని, తరవాత వేరే దారిన వెళ్ళారు.

రాముడు వానలోనే ఉండిపోయాడు. పాలేరు పని పోయింది వాడికి. నన్ను క్షమించండి అనలేదు. అన్నా నేను క్షమించేదాన్ని కాదు. వాడు ముందే చెప్పి ఉంటే అజాగ్రత్త అన్న ఆ మాట దొర చేత రాయించేదాన్నా? ఆయన పేరు పక్కన అది అలాగే ఉండిపోతుంది.

పొద్దుగూకేవేళకి వాడు సంత వీధి నుంచి ఒక కుక్కను ఉచ్చు వేసి పట్టుకొచ్చాడు. నేను పట్టమనలేదు. బక్కది, నడుం మీద ఎవరో వేడినీళ్ళు పోసిన మచ్చ. కొత్తవాటి కొట్లో కట్టి, నీళ్ళ కుండ జరిపాడు. అది తాగింది. చప్పుడు చేస్తూ, కుండ అడుగు కనబడేదాకా తాగింది. ఇద్దరం చూశాం.

పొయ్యి వెలిగించాను. కుక్కకు గంజి పోశాను. ఇంకో ముంతలో పోసి గోడ పక్కన వాడి దగ్గర పెట్టాను. ఉప్పు కూడా వేశాను.

మాట్లాడలేదు.